జాడించిన నీరు

నా చిన్నతనాన మా మరిపెడలో వేసవి వచ్చిందంటే అమ్మ బట్టలు జాడించిన నీటిని పారబోసేది కాదు. మరునాటి మాసిన బట్టలు అందులోనే నానవేసేది.

నడిసముద్రంలో ఓడవారిదీ అదే ఇబ్బంది. మంచినీరు రేవులో నింపుకోవాలి, లేదా ఇంధనం ఖర్చుచేసి ఉప్పునీటి నుండి తీయాలి. 1959లో అమెరికాలో సిడ్నీ లోబ్, మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ గార్లు ఉప్పును ఆపి నీటిని పోనిచ్చే పలుచని పొరను తయారుచేశారు. ఆ విద్య పెరిగి, నేడు కొన్ని ఓడలలో లాండ్రీ నీటిని కూడా పొరలతో శుద్ధి చేస్తున్నారు. ముందు జల్లెడతో నూలుపీచు, పిదప పొరతో మురికి, జిడ్డు తీసి, ఆ నీటితో మళ్లీ బట్టలే ఉతుకుతారు.

మా ఇంట వాషింగ్ మెషిన్ నీరు మోరీ పాలయ్యేది. ఇప్పుడు నేనే బకెట్లో పట్టి మరుగుదొడ్డికి వాడుతున్నాను. మీరూ ఆలోచించగలరు.