నీరూ నిలవాలి.. ప్రాణమూ నిలవాలి

కుంటలు, చేపల తొట్లు, ఈత కొలనులకు ప్లాస్టిక్ షీటు: ఎంపిక, సంరక్షణ

రామగుండం: వానాకాలంలో నిండుగా కళకళలాడిన సేద్యపు కుంట కార్తీకం దాటకముందే అడుగంటుతుంది. చెంతనే గోదావరి పారుతున్నా, ఎల్లంపల్లి వద్ద శ్రీపాద జలాశయం నిండినా, కాలువ అందని మెట్ట చెలకల్లో ఈ దృశ్యం ఏటా కనిపించేదే. ఎర్ర చెలక, దుబ్బ, మొరం నేలలు నీటిని నిలుపుకోలేవు. అందుకే కుంటలో ప్లాస్టిక్ షీటు పరిచి నీటిని కాపాడుకునే పద్ధతి రైతుల్లో ఆదరణ పొందింది. 2020 తర్వాత బయోఫ్లాక్ చేపల పెంపకం ప్రచారంలోకి రావడంతో పీవీసీ టార్పాలిన్ తొట్లు పెరటి స్థలాల్లోకి సైతం వచ్చాయి. అయితే వేలాది రూపాయలు పోసి కొన్న షీటు ఒక్క వేసవికే పెళుసెక్కి చిరిగిపోతే రైతుకు మిగిలేది గొయ్యి మాత్రమే. కంచె, తాడు లేని షీటు కుంట అంతకన్నా ప్రమాదకరం. దాని ఏటవాలు గోడ మీద కాలు నిలవదు. షీటు ఎంపిక నుంచి గట్టు మీది తాడు వరకు తెలుసుకోవలసిన విషయాలు ఇవి.

అందరికీ అవసరం లేదు

షీటు కొనే ముందు నేలను పరీక్షించాలి. కుంట తవ్వదలచిన చోట మూడు అడుగుల లోతు గుంత తీసి, నీటితో నింపి, అది ఇంకిన తర్వాత మళ్లీ నింపాలి. రెండోసారి నింపిన నీరు ఎంత వేగంగా తగ్గుతుందో గమనించాలి. గంటల్లో మాయమైతే షీటు తప్పనిసరి. రోజుల తరబడి నిలిస్తే, ముఖ్యంగా బంకమన్ను ఎక్కువగా ఉన్న రేగడి నేలల్లో, అడుగును తడిపి గట్టిగా దిమ్మిస చేయించడంతోనే సరిపోవచ్చు.

ఊరి చెరువులోనూ, వర్షపు నీరు భూమిలోకి దిగడానికి తవ్విన ఇంకుడు గుంతలోనూ షీటు వేయకూడదు. షీటు వేసిన కుంట తన కడుపులోని నీటిని మాత్రమే దాచుకుంటుంది. పక్కనున్న బావికి చుక్క కూడా ఇవ్వదు. పంటకు ప్రాణావసరమైన ఒకటి రెండు తడులు అందించడమే దాని పని.

బొగ్గు గనుల ప్రాంతంలో మరో జాగ్రత్త అవసరం. భూగర్భ గనుల పైభాగాన నేల కుంగే అవకాశం ఉన్న చోట కుంట తవ్వకపోవడమే మేలు. నేల బీటలిస్తే ఎంత మందం షీటైనా ఆగదు. ఉపరితల గనుల మట్టి కుప్పల నుంచి తెచ్చిన మట్టిని షీటు కింద పోయరాదు. అందులోని ఇసుకరాతి పెంకులు కత్తుల్లా కోస్తాయి.

ఏ షీటు దేనికి?

మార్కెట్లో దొరికే రకాలు ప్రధానంగా మూడు.

హెచ్‌డీపీఈ: గట్టిది. ఎండకు తట్టుకునేలా నల్లని కార్బన్ కలిపి తయారు చేస్తారు. శాశ్వత సేద్యపు కుంటలకు అనువైనది. వంగే గుణం తక్కువ కనుక మూలల్లో మడతలు పడుతుంది. అతుకులను యంత్రంతో వేడి చేసి వేయాలి. ఏ జిగురూ దీనికి నమ్మకంగా అంటదు.

అల్లిక షీటు: ప్లాస్టిక్ పట్టీలను నేసి, రెండు వైపులా పూత పూసినది. తేలికగా ఉంటుంది, సులభంగా చిరగదు. పైపూత అరిగితే మాత్రం అల్లిక సందుల గుండా నీరు కారుతుంది. ఈ రకానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 15351 ఉంది. కొనేటప్పుడు షీటుపై ఆ సంఖ్య, ఐఎస్‌ఐ గుర్తు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

పీవీసీ: వినైల్ అని పిలిచేది ఇదే. మెత్తగా ఉండి గుండ్రని తొట్టికైనా, మెట్లున్న కొలనుకైనా ఒదిగిపోతుంది. జిగురుతో ఇంట్లోనే అతుకు వేసుకోవచ్చు. దీని బలహీనత ఎండ. పీవీసీని మెత్తబరచడానికి కలిపిన నూనె వంటి పదార్థాలు వేడికి క్రమంగా బయటికి పోతాయి. అప్పుడు షీటు బిరుసెక్కి పగులుతుంది. నీటి మట్టానికి పైన ఎండకు తెరిచి ఉన్న భాగమే ముందుగా చెడిపోతుంది. వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రామగుండం వంటి చోట నీడ లేని పీవీసీ ఎక్కువ కాలం నిలవదు.

గేజీ వేరు.. మైక్రాను వేరు

షీటు మందం విషయంలోనే రైతులు ఎక్కువగా మోసపోతారు. వెయ్యి మైక్రాన్లు కలిస్తే ఒక మిల్లీమీటరు. గేజీ లెక్క వేరు. 100 గేజీలంటే 25 మైక్రాన్లు మాత్రమే. 500 గేజీల షీటును 500 మైక్రాన్లదిగా భ్రమించి కొంటే చేతికి వచ్చేది 125 మైక్రాన్లే. సేద్యపు కుంటకు 500 మైక్రాన్ల షీటు మేలు. 300 మైక్రాన్లకు తగ్గితే మెత్తని మట్టి పరుపు మీద కూడా నమ్మకం ఉంచలేం.

మందాన్ని తూకంతో సరిచూసుకోవచ్చు. మీటరు పొడవు, మీటరు వెడల్పు గల 500 మైక్రాన్ల హెచ్‌డీపీఈ ముక్క సుమారు 475 గ్రాములు తూగుతుంది. 300 మైక్రాన్లదైతే 285 గ్రాములు. పీవీసీ బరువైన పదార్థం కనుక దాన్ని ఈ లెక్కతో చూడకూడదు. పీవీసీ టార్పాలిన్లను చదరపు మీటరు బరువును బట్టి, అంటే జీఎస్‌ఎం లెక్కన అమ్ముతారు. రసీదులో రకం, మందం లేదా జీఎస్‌ఎం, గ్యారంటీ కాలం రాయించుకోవాలి. గ్యారంటీ ఎండ దెబ్బకు కూడా వర్తిస్తుందా, తయారీ లోపానికేనా అన్నది ముందే అడగాలి.

కొలత ఇలా

20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు గల కుంటను ఉదాహరణగా తీసుకుందాం. ఒక మీటరు లోతుకు ఒకటిన్నర మీటర్ల చొప్పున గోడ ఏటవాలు ఇస్తే అడుగు 11 మీటర్ల చదరం అవుతుంది. ఒక్కో ఏటవాలు గోడ పొడవు 5.4 మీటర్లు. రెండు గోడలు, అడుగు కలిపితే దాదాపు 22 మీటర్లు. గట్టు మీద గాడిలో పూడ్చడానికి ఒక్కో వైపు ఒకటిన్నర మీటర్లు కలపాలి. మొత్తం 25 మీటర్ల చదరం, అంటే 625 చదరపు మీటర్ల షీటు కావాలి. 500 మైక్రాన్ల హెచ్‌డీపీఈ అయితే దాదాపు 3 క్వింటాళ్లు. పైన అర మీటరు ఖాళీ వదిలి నింపితే 5.5 లక్షల లీటర్ల నీరు నిలుస్తుంది. ఎకరం పొలానికి అంగుళం లోతు తడికి లక్ష లీటర్ల పైచిలుకు కావాలి. కనుక ఇది ఆవిరి పోగా ఎకరానికి నాలుగైదు తడుల నీరు.

పరుపే ప్రాణం

షీటుకు ఆయువు పోసేది దాని కింది పరుపు. రాళ్లు, వేర్లు ఏరివేసి, మూలలను గుండ్రంగా మలచి, జల్లించిన మెత్తని మట్టిని నాలుగు అంగుళాల మందాన పరచి దిమ్మిస చేయాలి. తుంగ ఉన్న చోట గడ్డలతో సహా తవ్వి తీయాలి. తుంగ మొలక సూదిలా షీటును పొడుచుకుని పైకి వస్తుంది. సర్కారు తుమ్మ మోళ్లు, ముళ్లు మిగలకూడదు. ఎలుక బొరియలను తవ్వి పూడ్చాలి.

షీటును మిట్టమధ్యాహ్నం పరవకూడదు. వేడికి సాగిన హెచ్‌డీపీఈ రాత్రి చల్లబడగానే ముడుచుకుంటుంది. 30 డిగ్రీల తేడాకు 25 మీటర్ల షీటు పది సెంటీమీటర్లకు పైగా కుంచించుకుపోగలదు. బిగుతుగా లాగి కట్టిన షీటు అతుకుల వద్ద తెగేది ఇందువల్లే. ఉదయం పూట, కొంత వదులు ఉంచి పరవాలి. కూలీలు చెప్పులు విడిచి దిగాలి. బీడీ నిప్పు దరిచేరకూడదు. అంచులను గట్టు చుట్టూ తీసిన అడుగున్నర లోతు గాడిలో మడిచి మట్టితో పూడ్చాలి. వరద నీరు దిగే చోట ముందుగా పూడిక గుంత కట్టి, అక్కడి నుంచి గొట్టం ద్వారా కుంటలోకి వదలాలి.

ఖాళీ చేయొద్దు

నీరు వాడుకున్నా అడుగున రెండడుగులు మిగల్చాలి. ఖాళీ షీటును గాలి లేపుతుంది, ఎండ పెళుసు చేస్తుంది. భూగర్భ జలం పైకి వచ్చే వానాకాలంలో అడుగు నుంచి నీరు తన్ని, షీటు పూరీలా ఉబ్బుతుంది. పూడిక తీయడానికి పారలు, గడ్డపారలు వాడరాదు. రబ్బరు పలక, మెత్తని చీపురు చాలు. మేకలు, బర్రెలు, అడవి పందులు దిగితే గిట్టల పోటుకు చిల్లులు తప్పవు.

షీటు ఇంకుడును ఆపగలదు గాని ఆవిరిని ఆపలేదు. పై కుంటలో రోజుకు ఒక సెంటీమీటరు ఆవిరైనా 3400 లీటర్లు పోయినట్టే. నీటికి నీడ ఎంత మేలు చేస్తుందో రామగుండంలోనే చూడవచ్చు. ఇక్కడి ఎన్టీపీసీ జలాశయంపై 2022 జులైలో పూర్తిస్థాయిలో ఉత్పత్తి ప్రారంభించిన 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్కేంద్రం వల్ల ఏటా 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా మిగులుతుందని సంస్థ అంచనా. చిన్న కుంటకు నీడవల కప్పినా నీరు మిగులుతుంది, షీటూ మన్నుతుంది.

చిల్లు పట్టేదెలా?

నీరు తగ్గుతుంటే అది ఆవిరా, చిల్లా అన్న సందేహం వస్తుంది. బకెట్‌లో నీరు నింపి, కుంట నీటిలోనే నిలిచేలా అమర్చి, బకెట్ లోపలి మట్టాన్ని, కుంట మట్టాన్ని గుర్తు పెట్టాలి. రెండు రోజుల తర్వాత రెండూ సమానంగా తగ్గితే ఆవిరి. కుంటలో ఎక్కువ తగ్గితే చిల్లు. నీరు ఏ మట్టం వద్ద ఆగిపోతుందో, చిల్లు ఆ ఎత్తులోనే ఉంటుంది.

పీవీసీ అయితే చిరుగు చుట్టూ శుభ్రం చేసి, ఆరబెట్టి, అన్ని వైపులా నాలుగు అంగుళాలు మించేలా అదే రకం ముక్కను పీవీసీ జిగురుతో అతికించాలి. ముక్క మూలలను గుండ్రంగా కత్తిరించాలి. కోణాలుంటే త్వరగా లేస్తాయి. జిగురు పూర్తిగా ఆరిన తర్వాతే నీరు పెట్టాలి. హెచ్‌డీపీఈకి వేడి గాలి యంత్రం ఉన్న పనివారిని పిలవాల్సిందే.

చేపల తొట్టికి, ఈత కొలనుకు

నాలుగు మీటర్ల వ్యాసం గల బయోఫ్లాక్ తొట్టిలో మీటరు ఎత్తు నీరుంటే పన్నెండున్నర టన్నుల బరువు. ఇనుప జాలీకి, టార్పాలిన్‌కు మధ్య ఫోమ్ షీటు లేకపోతే రాపిడికి చిల్లులు పడతాయి. జాలీ కొసలను లోపలికి పొడుచుకోకుండా వంచాలి. అడుగు గొట్టం బిగించిన చోటే కారడం ఎక్కువ కనుక అక్కడ రబ్బరు వాషర్లు మేలైనవి వాడాలి. కొత్త టార్పాలిన్‌లో నీరు నింపి, కొన్ని రోజులు ఉంచి, పారబోసి కడిగాకే చేపపిల్లలను వదలాలి. చేపలకు హాని చేయని రకమేనని అమ్మకందారు నుంచి రాయించుకోవాలి.

ఈత కొలను వినైల్‌కు బ్లీచింగ్ పొడి శత్రువు. పొడిని నేరుగా చల్లితే అడుగున పేరుకుని షీటు తెల్లబారి పెళుసవుతుంది. విడిగా కలిపి, తేరిన నీటినే పోయాలి. నీటి పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య, క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్య ఉండేలా చూడాలి.

రాయితీ మాట

పంట కుంటల్లో ప్లాస్టిక్ షీటుకు కేంద్ర ఉద్యాన మిషన్ కింద సాయం అందుతూ వచ్చింది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన బయోఫ్లాక్ యూనిట్లకు సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం రాయితీని నిర్దేశించింది. నిబంధనలు మారుతుంటాయి కనుక పెద్దపల్లిలోని జిల్లా ఉద్యాన, మత్స్య శాఖల కార్యాలయాల్లో విచారించాలి. మంజూరు పత్రం అందకముందే షీటు కొనరాదు.

పనికిరాని షీటును తగులబెట్టకూడదు. పీవీసీ కాలితే ఊపిరితిత్తులను దెబ్బతీసే ఆమ్లపు పొగ వెలువడుతుంది. పాత సామాను వ్యాపారికి ఇవ్వడం మంచిది.

తాడు కట్టనిదే నీరు పెట్టొద్దు

మట్టి కుంటలో పడినవారికి గడ్డిపరకో, వేరో, కాలు మోపే గంటో దొరుకుతుంది. షీటు కుంటలో ఏదీ దొరకదు. పాచి పట్టిన ప్లాస్టిక్ మీద ఈత వచ్చిన పెద్దలు సైతం పైకి రాలేరు. అందువల్ల కుంట నాలుగు వైపులా గట్టిగా పాతిన గుంజలకు తాళ్లు కట్టి, అవి అడుగు వరకు వేలాడేలా వదలాలి. అడుగుకో ముడి వేయాలి. గాలి నింపిన పాత ట్యూబులు రెండు నీటిపై తేలుతూ ఉంచాలి. చుట్టూ ఐదడుగుల కంచె, తాళం వేసే తలుపు ఉండాలి. బడి సెలవుల్లో పిల్లలు అటు వెళ్లకుండా పెద్దలు కనిపెట్టుకోవాలి.

ఎవరైనా పడితే వెంటనే నీటిలోకి దూకరాదు. దూకినవారూ అదే గోడ మీద జారిపోతారు. తాడు, కర్ర, చీర, ఏది అందుబాటులో ఉంటే అది విసరాలి. బయటికి తీసినవారికి శ్వాస ఆడకపోతే నోటితో గాలి ఊదుతూ, ఛాతీని నొక్కుతూ 108కు ఫోన్ చేయించాలి. తలకిందులుగా వేలాడదీయడం, తలపై ఎత్తి తిప్పడం వల్ల విలువైన నిమిషాలు పోతాయి. షీటు ఖర్చు ముందు తాడు, కంచెల ఖర్చు స్వల్పం. అంచనా రాసుకునేటప్పుడు దాన్నే మొదటి పద్దుగా వేసుకోవాలి.