అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లో ప్రార్థన

అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వ పాఠశాలల్లో విద్యార్థి తనంతట తాను ప్రార్థన చేసుకోవచ్చు. పాఠశాల మాత్రం చేయించకూడదు. రాజ్యాంగ మొదటి సవరణ (1791) దీనికి ఆధారం. ప్రభుత్వం ఏ మతాన్నీ అధికారికంగా నెలకొల్పరాదని, మతాచరణ స్వేచ్ఛకు అడ్డు రాకూడదని ఈ సవరణ చెబుతుంది. మొదట ఫెడరల్ ప్రభుత్వానికే పరిమితమైన ఈ నిబంధనలను 1940లలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకూ వర్తింపజేసింది.

ప్రధాన తీర్పులు

న్యూయార్క్ రాష్ట్ర విద్యాధికారులు 1951లో 22 పదాల ప్రార్థనను రూపొందించారు. తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, దేశానికి దేవుని ఆశీస్సులు కోరే ఆ ప్రార్థనలో ఏ మతం పేరూ లేదు. ఇష్టం లేని పిల్లలు చెప్పనక్కర్లేదు కూడా. అయినా కొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. ఎంగెల్ వర్సెస్ విటాలే కేసులో 1962 జూన్ 25న సుప్రీంకోర్టు 6-1 ఆధిక్యంతో ఆ ప్రార్థనను కొట్టివేసింది. ప్రార్థనలు రాయడం ప్రభుత్వం పని కాదని తీర్పు రాసిన జస్టిస్ హ్యూగో బ్లాక్ తేల్చారు. ప్రార్థించదలచిన పిల్లలకు ఆ అవకాశం లేకుండా పోయిందని జస్టిస్ పాటర్ స్టూవర్ట్ విభేదించారు.

మరుసటి ఏడాది అబింగ్టన్ వర్సెస్ షెంప్ కేసులో పాఠశాలలు చేయించే బైబిలు పఠనాన్ని కోర్టు 8-1 ఆధిక్యంతో నిషేధించింది. మతాన్ని చరిత్రగా, సాహిత్యంగా బోధించడానికి మాత్రం అభ్యంతరం లేదంది. స్నాతకోత్సవంలో మతగురువు ప్రార్థన (1992), ఫుట్‌బాల్ పోటీకి ముందు మైకులో విద్యార్థి ప్రార్థన (2000) కూడా చెల్లవని తర్వాతి తీర్పులు వచ్చాయి.

రాజ్యాంగ సవరణ ప్రయత్నం

పాఠశాల ప్రార్థనను అనుమతించే సవరణను అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ ప్రతిపాదించారు. 1984లో సెనేట్‌లో 56 మంది అనుకూలంగా, 44 మంది వ్యతిరేకంగా ఓటేశారు. మూడింట రెండొంతుల ఆధిక్యం రాక అది వీగిపోయింది.

విద్యార్థుల హక్కులు

భోజనానికి ముందు ప్రార్థించడం, విరామంలో మతగ్రంథం చదువుకోవడం నిషేధం కాదు. 1984 నాటి సమాన ప్రవేశ చట్టం ప్రకారం, ఫెడరల్ నిధులు పొందే ఉన్నత పాఠశాల చదువుతో సంబంధం లేని ఇతర విద్యార్థి సంఘాలకు చోటిస్తే మతసంఘాలకూ ఇవ్వాలి. దీన్ని 1990లో సుప్రీంకోర్టు సమర్థించింది.

ఉద్యోగుల ప్రార్థన

వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమర్టన్‌లో ఒక ఫుట్‌బాల్ శిక్షకుడు ఆట ముగిశాక మైదానం మధ్యలో మోకరిల్లేవాడు. అది అతని సొంత మతాచరణేనని 2022లో కోర్టు 6-3 ఆధిక్యంతో చెప్పింది. శిక్షకుడు ప్రార్థిస్తుంటే ఆటగాళ్లపై తెలియకుండానే ఒత్తిడి పడుతుందని జస్టిస్ సోనియా సోటోమేయర్ విభేదించారు. ఉద్యోగి వ్యక్తిగత ఆచరణ ఎక్కడ ఆగి, పాఠశాల ప్రోద్బలం ఎక్కడ మొదలవుతుందన్నదానిపై వివాదాలు కొనసాగుతున్నాయి.