మీ చేను పైన ఆకాశం ఎవరిది?

మీ చేను మీద నుంచి ఓ విమానం కొబ్బరిచెట్టు ఎత్తులో దూసుకుపోయిందనుకోండి. కేసు వేయొచ్చా? అమెరికాలో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అదీ కోళ్ల వల్ల!

నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరో దగ్గర కాస్బీ అనే ఆయనకి కోళ్ల ఫారం ఉండేది. 1942లో పక్క ఎయిర్‌పోర్టుని సైన్యం వాడటం మొదలుపెట్టింది. విమానాలు దిగే దారి ఆయన ఇంటికి 67 అడుగుల ఎత్తులోనే. ఆ మోతకి బెదిరి, గోడలకి గుద్దుకుని 150 దాకా కోళ్లు చచ్చిపోయాయి. ఇంట్లోవాళ్లకి నిద్ర లేదు. ఫారం మూతపడింది.

నేల ఎవరిదో దాని పైన ఆకాశమంతా వాళ్లదే అని పాత చట్టం. అది ఈ కాలానికి చెల్లదని 1946లో కోర్టు తేల్చింది. కానీ నేలకి దగ్గర్లోని గాలి మీద యజమానికి హక్కుంది, అక్కడ మాటిమాటికీ ఎగిరి భూమిని వాడుకోనివ్వకపోతే ప్రభుత్వం పరిహారం ఇవ్వాలంది. ఎన్ని అడుగుల దాకా? గీత గీయలేదు. నన్నడిగితే అసలు తిరకాసు ఇదే.

ఎందుకంటే మందు చల్లే విమానాలు ఎగిరేది సరిగ్గా అక్కడే. 1921లో ఒహాయోలో మొదలైన పద్ధతి ఇది. మామూలు విమానాలు మనుషులకీ ఇళ్లకీ 500 అడుగుల దూరం పాటించాలి. మందు చల్లేటప్పుడు, అందుకోసం మలుపు తిరిగేటప్పుడు, జనం కిక్కిరిసి లేని చోట ఇంకా కిందకి రావచ్చు. కింద ఎవరికీ, దేనికీ ప్రమాదం ఉండకూడదు, అంతే. పక్క రైతు ఒప్పుకోవాలని ఆ రూల్‌లో లేదు. కాస్బీ పోరాడింది ప్రభుత్వంతో. ఇక్కడ విమానం ప్రైవేటుది కాబట్టి, ఆ రైతు తన రాష్ట్ర చట్టం ప్రకారం సివిల్ కోర్టులో నష్టం రుజువు చేసుకోవాల్సిందే.