పంపకాల్లో పోయిన గోదావరి

1944 ఆగస్టు 12. సీషెల్స్ దీవుల దగ్గర హిందూ మహాసముద్రం. అడుగున జర్మన్ జలాంతర్గామి యు-198. వారం కిందటే రెండు బ్రిటిష్ సరుకు ఓడలను ముంచింది. పైన దాన్ని వేటాడుతున్న ఓడల్లో ఒకదాని పేరు గోదావరి.

ఆ వేటంతా చెవులతోనే. ఓడ అడుగు నుంచి నీళ్లలోకి శబ్దం వదులుతారు. ఇనుముకు తగిలితే అది తిరిగొస్తుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న నావికుడు ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. వినబడిందా, దిక్కూ దూరమూ అరిచి చెబుతాడు. ఓడ అటు మళ్లుతుంది. వెనక నుంచి పీపాల్లాంటి డెప్త్ చార్జీలు జారిపడతాయి. కొన్ని క్షణాలు ఏమీ జరగదు. తర్వాత సముద్రం ఎగిసిపడుతుంది.

ఆ రోజు గోదావరి, బ్రిటిష్ ఫ్రిగేట్ ఫిండ్‌హార్న్ కలిసి యు-198ను ముంచేశాయి. అందులోని 66 మందిలో ఒక్కరూ బతకలేదు. శత్రువులే కావచ్చు, ఆ అంకె దాటి రాయడం నాకు తేలిక కాలేదు.

ఇంగ్లండ్‌లో థార్నీక్రాఫ్ట్ వాళ్లు కట్టిన ఈ ఓడ 1943లో రాయల్ ఇండియన్ నేవీలో చేరింది. మా పెనుగొండ పక్కన సిద్ధాంతం వంతెన కింద పారే వశిష్ఠ, ఓడకు పేరిచ్చిన ఆ గోదారి పాయే. మన నది పేరు మోసిన ఓడ అంత దూరాన పోరాడిందని మా డెల్టా పిల్లలకు ఎవరైనా చెప్పాలి.

మూడేళ్ల మూడు రోజులకు దేశం రెండయింది. ఓడలనూ పంచారు. గోదావరి లాంటి ఓడలను మొదట స్లూప్‌లనేవారు, తర్వాత ఫ్రిగేట్లు అన్నారు. నదుల పేర్లున్న ఆరింటిలో సట్లెజ్, జమున, కృష్ణ, కావేరి మనకు మిగిలాయి. నర్మద, గోదావరి పాకిస్తాన్‌కు వెళ్లాయి. ఒకే ఫిరంగి దగ్గర భుజం కలిపి నిలబడ్డ నావికులూ చెరో దేశపు వాళ్లయ్యారు. ఓడను వదులుకోవడం కంటే అదే బాధ. గోదావరి పేరు చెరిపి ‘సింద్’ అని రాశారు. 1959లో తుక్కు కింద అమ్మేశారు.

మన నౌకాదళంలోకి గోదావరి పేరు 1983 డిసెంబరులో తిరిగొచ్చింది. మనవాళ్లే రూపకల్పన చేసి, ముంబయి మజగావ్ డాక్‌లో కట్టిన ఫ్రిగేట్ అది. 2011 జూన్‌లో, సోమాలీ సముద్రపు దొంగల చెర వీడిన సూయజ్ ఓడ సాయానికి వెళ్లింది. అందులో ఆరుగురు భారతీయులున్నారు. అక్కడ పాకిస్తాన్ ఫ్రిగేట్ బాబర్ దీన్ని రాసుకుంటూ పోయింది. హెలికాప్టర్ డెక్కు వల దెబ్బతింది. ఆ బాబర్ కూడా చేతులు మారిన ఓడే, 1993లో బ్రిటన్ ఇచ్చిన అమెజాన్. ఢిల్లీ నిరసన తెలిపింది. తప్పంతా గోదావరిదేనని పాకిస్తాన్ నేవీ బదులిచ్చింది.