మొక్కల పేర్లకు ఖర్చు ఎవరిది?

మిద్దెతోట ఉన్న తెలుగు ఇళ్ళలో వామాకు కుండీ లేని ఇల్లు తక్కువ. మందపాటి ఆకు, అంచు చుట్టూ గాట్లు, మీద సన్నని నూగు. తుంచి నలిపితే ఘాటైన వాము వాసన. శనగపిండిలో ముంచి బజ్జీలు వేస్తారు. పిల్లలకు జలుబు చేస్తే రసం తీసి తేనెతో నాకిస్తారు. అయితే ఇది వాము మొక్క కాదు. పోపుల డబ్బాలోని వాము జీలకర్ర, సోంపు కుటుంబానిది. వామాకు తులసి, పుదీనా కుటుంబానిది. డబ్బాలోని వాము చల్లి ఈ ఆకు కోసం ఎదురుచూసిన వాళ్ళకు కొత్తిమీరలా సన్నగా చీలిన ఆకులు మొలిచినప్పుడు గానీ ఆ సంగతి తెలియదు.

శాస్త్రీయ నామం చూసుకుంటే సరిపోతుందనుకుంటే అక్కడా ఒక కథ ఉంది. పోర్చుగీసు మతగురువు, వృక్షశాస్త్రవేత్త లౌరేరో 1790లో దీనికి కోలియస్ అంబోయినికస్ అని పేరు పెట్టాడు. తర్వాతి శతాబ్దంలో దీన్ని ప్లెక్ట్రాంథస్ ప్రజాతిలో కలిపారు. 2019లో జన్యు ఆధారాలతో మళ్ళీ కోలియస్‌కే తెచ్చారు. ఈ రాకపోకలన్నీ లండన్‌లోని క్యూ ఉద్యానం నడిపే ‘ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్’లో ఒకే పేజీలో కనిపిస్తాయి. చూడటానికి పైసా కట్టక్కర్లేదు. కానీ ఆ పేజీలో ఒక్క పేరు మారాలంటే ఎవరో కొత్త పరిశోధనా పత్రం చదవాలి, పాత పేర్లను దాని కిందకు చేర్చాలి, సర్వర్ ఆగిపోకుండా చూడాలి. వాళ్ళకు జీతాలివ్వాలి. సరదాకు నాలుగు కుండీలు పెంచుకునే మనిషి ఆ ఖర్చులో పాలు పంచుకోవాలా అన్నది ఇప్పుడు తోటల వాళ్ళ మధ్య నలుగుతున్న ప్రశ్న. ఇది ఇంటర్నెట్‌తో పుట్టిన ప్రశ్నేమీ కాదు. దీని వేళ్ళు తెలుగు నేలలో కూడా ఉన్నాయి.

1781లో విలియం రాక్స్‌బరో అనే స్కాటిష్ వైద్యుడు సామర్లకోటకు వచ్చాడు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో వైద్యం అతని ఉద్యోగం. అక్కడ తోట వేసి మిరియం, నీలిమందు, కాఫీ వంటివి పెంచి చూశాడు. చుట్టుపక్కల అడవుల్లో, పొలాల్లో కనిపించిన ప్రతి మొక్కనూ స్థానిక చిత్రకారుల చేత బొమ్మ వేయించాడు. జనం ఏ పేరుతో పిలుస్తారో అడిగి రాసుకున్నాడు. తొలినాళ్ళలో కూడబెట్టిన కాగితాలూ నమూనాలూ వరదలో పోతే మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ కృషి ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అనే మూడు సంపుటాలుగా లండన్‌లో 1795 నుంచి పాతికేళ్ళ పాటు అచ్చయింది. మొత్తం 300 చిత్రఫలకాలు. చాలా మొక్కల వివరణలో తెలుగు పేరు ఉంటుంది. జ్వరానికి బెరడు వాడే సోమిద చెట్టు గురించి అతను రాసిన తర్వాత, ఆ చెట్టు ప్రజాతికి సోయ్‌మిడా అన్న పేరే స్థిరపడింది. తెలుగు మాట లాటిన్ వేషం కట్టి ప్రపంచపు జాబితాల్లోకి ఎక్కింది.

ఈ పుస్తకం ఖర్చు కంపెనీ పెట్టుకుంది. మొక్కల మీద ప్రేమతో కాదు. ఏ చెట్టు నుంచి రంగు వస్తుంది, ఏది కలపకు పనికొస్తుంది, ఏది మందవుతుంది అన్నది వాళ్ళ లెక్క. పేర్లు చెప్పిన రైతుల, వైద్యుల పేర్లు మాత్రం ఆ పుటల్లో లేవు. అంతకు వందేళ్ళ ముందు కేరళలో డచ్చివాళ్ళు తెచ్చిన పన్నెండు సంపుటాల ‘హోర్టస్ మలబారికస్’లో ఇట్టి అచ్యుతన్ అనే వైద్యుడి పేరైనా గౌరవంగా నిలిచింది. డబ్బు ఎవరు పెడితే వాళ్ళ అవసరమే పుస్తకానికి రూపమిస్తుందనడానికి సామర్లకోట కన్నా దగ్గరి ఉదాహరణ తెలుగువాళ్ళకు దొరకదు.

తోటల వాళ్ళే డబ్బు పెడితే ఏమవుతుందో దాదాపు అదే కాలంలో లండన్‌లో తేలింది. విలియం కర్టిస్ అనే మందుల వ్యాపారి నగరం చుట్టూ పెరిగే అడవి మొక్కల మీద ‘ఫ్లోరా లండినెన్సిస్’ అనే భారీ గ్రంథం మొదలుపెట్టాడు. బొమ్మలు అద్భుతం, కొనేవాళ్ళు కరువు. బాటపక్కన మొలిచే గడ్డిమొక్కకు డబ్బులిచ్చేదెవరు? నష్టపోయిన కర్టిస్ 1787 ఫిబ్రవరిలో దారి మార్చాడు. తోటల్లో పెంచుకునే విదేశీ పూలమొక్కల మీద చిన్న మాసపత్రిక పెట్టాడు. నెలకు మూడు బొమ్మలు, చేతితో రంగులు అద్దినవి, వెల ఒక షిల్లింగు. పత్రిక నిలబడింది. ‘కర్టిస్ బొటానికల్ మ్యాగజైన్’ నేటికీ వస్తోంది. మొక్కల సమాచారానికి సరదా తోటమాలులు చందా కడతారని, ఆ చందాతో శాస్త్రం కూడా బతుకుతుందని చెప్పడానికి రెండు శతాబ్దాలకు పైబడిన ఈ సాక్ష్యం చాలు. అయితే అందులో హెచ్చరిక కూడా ఉంది. చందాదారులు అందమైన మొక్కలకే కడతారు. ఎవరికీ అక్కరలేని కలుపు మొక్క వివరం కూడా దాచి ఉంచడానికి ఇంకెవరో పూనుకోవాలి.

అలా పూనుకున్నవారిలో చార్లెస్ డార్విన్ ఒకరు. పాత పుస్తకాల్లో ఒకే మొక్కకు ఉన్న రకరకాల పేర్లతో జీవితమంతా విసిగిపోయిన ఆయన, పూల మొక్కల పేర్లన్నీ ఒకచోట చేర్చే పనికి సొంత డబ్బు కేటాయించాడు. ఏడాదికి సుమారు 250 పౌండ్లు. 1882లో ఆయన పోయాక కూడా ఆ సొమ్ము అందింది. వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ పర్యవేక్షణలో డేడన్ జాక్సన్ చీటీల మీద చీటీలు రాసి, 1893–95 మధ్య ‘ఇండెక్స్ క్యూయెన్సిస్’ తెచ్చాడు. నాలుగు లక్షలకు చేరువగా పేర్లు. ఆ తర్వాత కొన్నేళ్ళకోసారి అనుబంధాలు వస్తూనే ఉన్నాయి. 1999లో ఈ సూచిక హార్వర్డ్ విశ్వవిద్యాలయపు కార్డులతో, ఆస్ట్రేలియా జాబితాతో కలిసి ఇంటర్నెట్‌లోకి వచ్చింది. ఈ రోజు ఫోనులో ఉచితంగా చూసే పేరు వెనుక ఒక పెద్దమనిషి సొంత సొమ్ము ఉందన్నమాట.

ఇంటర్నెట్ వచ్చాక తోటమాలులే డేటాబేస్‌లు కట్టడం మొదలైంది. అమెరికాలో 2000లో మొదలైన ‘డేవ్స్ గార్డెన్’లో సభ్యులే మొక్కల ఫొటోలు, తమ ఊళ్ళో అది ఎంత చలికి తట్టుకుంది, ఏ నెలలో పూసింది అన్న అనుభవాలు రాసి ‘ప్లాంట్‌ఫైల్స్’ అనే భాండాగారం నింపారు. కొన్ని సౌకర్యాలకు చందా ఉండేది. కొన్నేళ్ళకు అది ఒక పెద్ద ఇంటర్నెట్ కంపెనీ చేతికి మారింది. గులాబీల వాళ్ళది ఇంకో పద్ధతి. ‘హెల్ప్‌మీఫైండ్’లో గులాబీ రకాల వంశవృక్షాలు, ఫొటోలు ఎవరైనా చూడొచ్చు, లోతుగా వెతికే సాధనాలు కావాలంటే ఏడాదికి చిన్న చందా. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి మొదలైన ‘ప్లాంట్స్ ఫర్ ఎ ఫ్యూచర్’ తినదగిన, మందుకు పనికొచ్చే ఏడు వేలకు పైగా మొక్కల వివరాలు ఉచితంగా ఇస్తూ ఎన్నో ఏళ్ళు విరాళాల మీద నడిచింది.

చందా అనగానే తలుపు మూసేశారనుకోనక్కర్లేదు. ఇందుకు శాస్త్రవేత్తల లోకంలో జరిగిన ఒక సంగతి చెప్పుకోవాలి. అరబిడాప్సిస్ అనేది ఆవాల కుటుంబానికి చెందిన చిన్న కలుపు మొక్క. జన్యుక్రమం మొత్తం మొదట తెలుసుకున్న మొక్క ఇదే, 2000లో. దీని సమాచారమంతా ఉండే ‘టెయిర్’ డేటాబేస్‌ను అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ పోషించేది. ఆ నిధులు తగ్గుతూ వచ్చి 2013లో ఆగిపోయాయి. నడిపేవాళ్ళు లాభాపేక్ష లేని సంస్థ పెట్టుకుని, విశ్వవిద్యాలయాల నుంచి, పరిశోధకుల నుంచి చందాలు తీసుకున్నారు. ఏడాది పాతబడిన సమాచారాన్ని మాత్రం అందరికీ వదిలేశారు. ప్రభుత్వం చెయ్యి వదిలితే ఇక మూతే అనుకున్న డేటాబేస్ ఇప్పటికీ నడుస్తోంది. కొత్త సమాచారం చందా కట్టేవాళ్ళకు కొంచెం ముందు, మిగతావాళ్ళకు కొంచెం వెనక. ఈ ఒప్పందంలో న్యాయం ఉంది.

మన దేశంలో అనుభవం వేరే రకంగా ఉంది. పసుపుతో గాయాలు మాన్పే విద్య మీద అమెరికాలో 1995లో పేటెంటు ఇవ్వడం, 1997లో మన ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ పోరాడి దాన్ని రద్దు చేయించడం అందరికీ తెలిసిన కథే. దాని తర్వాత ప్రభుత్వ సొమ్ముతో 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలైంది. అది పేటెంటు కార్యాలయాల కోసం కట్టినది. 2022 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం దాన్ని చందా పద్ధతిలో ఇతరులకూ తెరవాలని నిర్ణయించింది. మరోపక్క 2007లో మొదలైన ‘ఈఫ్లోరా ఆఫ్ ఇండియా’ సభ్యులు ఎవరో పంపిన ఫొటో చూసి, వాదించుకుని, పేరు తేల్చి చెబుతారు. 2008 నుంచి ఉన్న ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనూ ఇలాంటి ఔత్సాహికుల చెమటే ఎక్కువ. డబ్బు కట్టని వీళ్ళు కట్టినదానికి వెల కడితే చందాల కన్నా చాలా ఎక్కువే అవుతుంది.

కనుక తోటమాలి డబ్బు కట్టాలా అంటే, వీలున్నవాళ్ళు కట్టాలి. కోకోపీట్ దిమ్మలకు, వేపనూనెకు, వర్మీకంపోస్టు బస్తాలకు లెక్క చూసుకోకుండా ఇచ్చే చెయ్యి, ఏడాదికి కడియం నర్సరీలో ఒక అంటు మామిడి మొక్కకు పెట్టేంత సొమ్ము తాను రోజూ వాడే డేటాబేస్‌కు పంపితే బరువేమీ కాదు. ఫోను కెమెరా చూపించగానే పేరు చెప్పే యాప్‌లకు వేలల్లో చందా కట్టేవాళ్ళున్నారు. అలాంటి యాప్ చెప్పే పేరు ఈ ఉచిత జాబితాల నుంచి వచ్చింది కావచ్చు. కానీ కట్టే ముందు రెండు మాటలు అడగాలి. మొదటిది, మొక్క పేరు, ఫొటో, విషపూరితమా కాదా అన్న సంగతి డబ్బు లేనివాడికి కూడా కనబడుతుందా? పచ్చగన్నేరు కాయ నోట్లో పెట్టుకున్న పిల్లవాడి తల్లి చందా కట్టి ఆ పేజీ తెరవాల్సి వస్తే ఆ డేటాబేస్ ఎంత గొప్పదైనా తప్పుదారిలో ఉన్నట్టే. రెండోది, సభ్యులు ఇచ్చిన ఫొటోలూ నోట్సూ సంస్థ అమ్ముడుపోయినా బయట అందుబాటులో ఉంటాయని రాతపూర్వకంగా ఉందా?

తెలుగువాళ్ళకు ఇంకో లోటు ఉంది. ఈ డేటాబేస్‌లలో తెలుగు పేర్ల గడి చాలాచోట్ల ఖాళీగా ఉంటుంది, లేదా ఒకే ప్రాంతపు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో వంకరగా ఉంటుంది. గోంగూర ఉంటే పుంటికూర ఉండదు. కోస్తాలో ఆనపకాయ అంటే సొరకాయ. చిత్తూరు వైపు అనపకాయలంటే పప్పుచారులో వేసే గింజల కాయలు. ఈ తేడా క్యూ ఉద్యానంలో ఉద్యోగికి తెలిసే అవకాశం లేదు. హైదరాబాదు మిద్దె మీద, డల్లాస్ పెరట్లో రెండూ పండిస్తున్న తెలుగువాళ్ళకు తెలుసు. చందా కట్టే స్తోమత లేనివాళ్ళు ఒక్కో మొక్కకు తమ ఊరి పేరు, జిల్లా పేరుతో సహా చేర్చినా అది కట్టినదాని కిందే లెక్క.

రాక్స్‌బరో సంపుటాలు ఇప్పుడు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా చదువుకోవచ్చు. సామర్లకోట నుంచి కడియం దాకా ఏ నర్సరీలో కూర్చున్నా ఫోనులో ఆ రంగుల బొమ్మలు తెరుచుకుంటాయి. పెద్ద పెద్ద గ్రంథాలయాలు కలిసి 2006లో పెట్టిన ఈ భాండాగారాన్ని ఇన్నాళ్ళు మోసిన స్మిత్సోనియన్ సంస్థ ఆ బాధ్యత నుంచి తప్పుకుంటున్నట్టు 2025లో ప్రకటించింది. వరదలో ఒకసారి పోయి, మళ్ళీ మొదటినుంచి రాసుకున్న ఆ తెలుగు పేర్ల పుటలను ఇకమీదట ఎవరి సొమ్ము నిలబెడుతుందన్నది ఇప్పుడు ఆ లైబ్రరీ వెతుక్కోవలసిన జవాబు. విరాళం ఇచ్చే బటన్ ఆ సైట్‌లోనే ఉంది.