బలాన్ని పెంచే మంత్రాలు: ఒక ఆట నియమం చరిత్ర

1. పరిచయం

విశ్వామిత్రుడు రాముడికి బల, అతిబల విద్యలను ఉపదేశించినట్లు వాల్మీకి రామాయణంలోని బాలకాండ చెబుతుంది. అవి పొందినవారికి అలసట ఉండదు. కథలో ఒక్క నాయకుడు అందరినీ మించిపోయినా ఇబ్బంది లేదు. ఆటలో అలా కుదరదు. బల్ల చుట్టూ కూర్చున్న నలుగురైదుగురికీ తమ వంతు దక్కాలి. అందువల్ల బలాన్ని పెంచే మంత్రానికి హద్దు ఎక్కడ అన్నది ఆట నియమాల చరిత్రలో ముఖ్యమైన ప్రశ్న అయింది.

2. తొలి రూపం

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో అమెరికాలో వెలువడింది. ఆటగాళ్లు యోధుడు, మాంత్రికుడు వంటి పాత్రలు ధరిస్తారు. చేసే పని ఫలిస్తుందో లేదో పాచికలు తేలుస్తాయి. అప్పట్లో పాత్ర బలాన్ని 3 నుంచి 18 వరకు ఉండే అంకెతో సూచించేవారు. 1978 నాటి నియమగ్రంథంలోని 'స్ట్రెంగ్త్' మంత్రం మాంత్రికుడి బలాన్ని 1 నుంచి 4 వరకు, యోధుడి బలాన్ని 1 నుంచి 8 వరకు పెంచేది. అంటే బలం ఉన్నవాడికే ఎక్కువ లాభం.

3. 2000–2003: అసలు చిక్కు

2000లో వచ్చిన మూడవ కూర్పులో 'బుల్స్ స్ట్రెంగ్త్' మంత్రం బలాన్ని 2 నుంచి 5 వరకు పెంచింది. ప్రభావం మాంత్రికుడి స్థాయికి ఒక గంట చొప్పున ఉండేది. పదవ స్థాయి మాంత్రికుడు ఉదయం ఒకసారి వేస్తే పది గంటలు నిలిచేది. ఒకే రకమైన రెండు పెంపులను కలిపి లెక్కించకూడదనే నియమం అప్పటికే ఉంది. అయినా చిక్కు తీరలేదు. రోజంతా నిలిచే మంత్రం చేతిలో ఉంటే, బలాన్నిచ్చే మాయా వస్తువుకు వేల బంగారు నాణేలు వెచ్చించవలసిన అవసరం తగ్గింది. మంత్రం ఎప్పుడు వేయాలన్న ఆలోచనకూ చోటు లేకపోయింది.

2003 నాటి సవరణలో పెంపును 4గా స్థిరపరిచారు. పాత సగటు మూడున్నర. కాబట్టి పెంపు తగ్గలేదు, కొద్దిగా పెరిగింది. కాలాన్ని మాత్రం స్థాయికి ఒక నిమిషానికి కుదించారు. పది గంటలు పది నిమిషాలయ్యాయి. దిద్దుబాటు జరిగింది ప్రధానంగా కాలంలోనే అని విద్యార్థులు గమనించాలి.

4. 2014 తరువాత

2014 నాటి అయిదవ కూర్పు మరో దారి పట్టింది. 'ఎన్‌హాన్స్ ఎబిలిటీ' మంత్రం బలం అంకెను మార్చదు. బలానికి సంబంధించిన పరీక్షలో ఇరవై ముఖాల పాచికను రెండుసార్లు వేసి పెద్ద అంకెను తీసుకోనిస్తుంది. గరిష్ఠంగా గంటసేపు నిలిచే ఈ మంత్రానికి మాంత్రికుడి ఏకాగ్రత అవసరం. ఏకాగ్రత కోరే మరో మంత్రాన్ని అదే సమయంలో నిలపలేడు. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలి.

5. సైబరాబాద్‌కు దీని ప్రాసంగికత

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తరువాత విస్తరించిన హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ రంగంలో వీడియో గేముల స్టూడియోలు కూడా ఉన్నాయి. అచ్చయిన నియమాన్ని దిద్దడానికి కొత్త కూర్పు రావలసి వచ్చింది. వీడియో గేములో ఒక అప్‌డేట్ చాలు. ప్రశ్నలు మాత్రం అవే: ఎంత పెంపు, ఎంతసేపు, దేనికి బదులుగా?

6. సారాంశం

పెంపు పరిమాణం ఒక్కటే సమతుల్యతను నిర్ణయించదు. అది నిలిచే కాలం, దానికోసం వదులుకునేది కూడా చూడాలి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

అ) 2003 సవరణలో పెంపు సగటు పెరిగినా మంత్రం ప్రభావం ఎందుకు తగ్గింది?
ఆ) ఏకాగ్రత నియమం ఆటగాడిని ఎలాంటి ఎంపిక చేయమంటుంది?