ఆముదపు గింజ పేరున్న పురుగు

ఆముదపు గింజనొకదాన్ని అరచేతిలో వేసుకుని చూడండి. నున్నటి ఒళ్లు, ఉబ్బిన పొట్ట, బూడిద రంగు మీద మచ్చలు, ఒక కొసన చిన్న బుడిపె. కుక్క చెవి మడతలో రక్తం తాగి ఊరిన పిడుదు అచ్చం ఇలాగే ఉంటుంది. ప్రాచీన రోమన్లకు ఈ పోలిక కంటబడింది. లాటిన్‌లో ‘రిసినస్’ అంటే పిడుదు. ఆముదపు మొక్కనూ వాళ్లు అదే పేరుతో పిలిచారు. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ ఆ పేరునే శాస్త్రీయ నామంగా ఖాయం చేశాడు. మన పాలమూరు చేలల్లో పండే ఆముదం వృక్షశాస్త్ర గ్రంథాల్లో నేటికీ పిడుదు పేరుతోనే ఉంది.

కుక్క మనిషిని నమ్మి వెంట వచ్చిన నాటి నుంచే దాని ఒంటి మీది పురుగును వదిలించే పని మనిషి మీద పడింది. పిడుదులనండి, గోమార్లనండి, వెంట్రుకల్లో గెంతే పేలనండి, వీటికి మందు వెతకని కాలం లేదు. ఈ మధ్య పట్టణాల్లో కుక్కను పెంచుకునేవాళ్లు, షాపులో దొరికే రసాయన చుక్కలకు బదులు చెట్టుమందు ఏదైనా ఉందా అని అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు కావాలంటే రెండు వేల ఏళ్లు వెనక్కి వెళ్లి రావాలి.

చేదు బాదం, చామంతి పొడి

క్రీ.పూ. 37 నాటి తన వ్యవసాయ గ్రంథంలో రోమన్ పండితుడు వారో మందను కాసే కుక్కల పోషణ గురించి వివరంగా రాశాడు. బాదం పప్పును నీళ్లతో నూరి కుక్క చెవులకూ వేళ్ల సందుల్లోనూ పట్టించాలని, లేకపోతే ఈగలు, పిడుదులు, పేలు అక్కడ పుండ్లు చేస్తాయని హెచ్చరించాడు. సుమారు వందేళ్ల తర్వాత మరో రోమన్ రచయిత కొలుమెల్లా చేదు బాదంతో పాటు మరికొన్ని చెప్పాడు. జీలకర్రను అంతే ఎత్తు హెల్లెబోర్‌తో నూరి నీళ్లలో కలిపి పూయడం ఒకటి. పాత ఆలివ్ నూనె మడ్డిని ఒళ్లంతా పోయడం ఇంకొకటి.

హెల్లెబోర్ విషపు మొక్క. చేదు బాదం నుంచి సయనైడ్ పుడుతుంది. అంటే ఆ కాలపు చెట్టుమందు కూడా మెత్తనిదేమీ కాదు. మొక్క తన్ను తాను కాపాడుకోవడానికి దాచుకున్న విషాన్ని మనిషి తెచ్చి పురుగు మీద వాడాడు. ఈ వైద్యమంతా నడిచిన దారి అదే.

ఆ దారిలో పెద్ద మలుపు ఒక పువ్వుతో వచ్చింది. ఇరాన్, కాకసస్ ప్రాంతాల్లో చామంతి జాతి పూలను ఎండబెట్టి, పొడి కొట్టి పురుగులకు చల్లేవారు. 19వ శతాబ్దంలో అది ‘పర్షియన్ పౌడర్’గా యూరప్ చేరింది. తర్వాత అడ్రియాటిక్ తీరంలోని డాల్మేషియా తెల్లపూల రకం పేరు తెచ్చుకుంది. ఆ సాగు జపాన్‌కూ, 20వ శతాబ్దంలో కెన్యాకూ పాకింది. మన ఇళ్లలో వెలిగించే దోమల చుట్ట జపాన్‌లో ఈ పొడితోనే పుట్టింది. పువ్వులోని పైరెత్రిన్ పురుగు నరాలను పట్టేస్తుంది. కుక్కను అంతగా బాధించదు, ఎండ తగిలితే విరిగిపోతుంది. ఇంత పొందికైన గుణాలున్న చెట్టుమందు మరొకటి దొరకడం కష్టం.

మన పెరటి మందులు

తెలుగు పల్లెల్లో ఈ పని వేపది, కానుగది, వసకొమ్ముది, సీతాఫలం గింజలది, పొగాకు కషాయానిది. వీటిలో ఏదీ కుక్క కోసమే పుట్టినది కాదు. ఎడ్లకూ గేదెలకూ గొర్రెలకూ వాడే మందే వాకిట్లో కుక్కకూ అందేది.

మా తాత ఎండాకాలం మధ్యాహ్నాలు వేపచెట్టు కింద కూర్చుని కుక్క తలను ఒళ్లో పెట్టుకునేవాడు. పక్కన కొబ్బరి చిప్పలో కాస్త కిరసనాయిలు. ముందు చెవి తిరగేసి మడత మడతా చూసేవాడు. తర్వాత మెడ కింద, చంకల్లో, తోక మొదట్లో. చివరికి పాదం ఎత్తి, వేళ్లు విడదీసి, సందుల్లో నల్ల నువ్వుగింజంత పిల్ల పిడుదులను గోటితో పట్టి లాగేవాడు. ఒక్కొక్కటీ చిప్పలో పడేది. కిరసనాయిలు చిప్ప దాటి కుక్క ఒంటి మీదికి వచ్చేది కాదు. అంతా అయ్యాక చెవుల వెనక రెండు చుక్కల వేపనూనె రాసేవాడు. కుక్క కళ్లు మూసుకుని పడుకునేది. వారో పేరు తాత వినలేదు. కానీ వారో మందు పూయమన్న రెండు చోట్లూ తాత వేళ్లు వెతికినవే.

ఆ వైద్యంలో సగం వాకిట్లోనే జరిగేది. పేడతో అలకడం, గోడలకు సున్నం కొట్టడం, గోనెపట్టాను ఎండలో దులపడం, సందెవేళ వేపాకు పొగ వేయడం, ఇవన్నీ ఇంటి పనుల్లో కలిసిపోయి ఉండేవి. వాటిని మందుగా ఎవరూ లెక్కపెట్టలేదు. అందుకే అవి పోయినప్పుడు ఏం పోయిందో మనకు తెలియలేదు.

దురద నుంచి జ్వరం దాకా

19వ శతాబ్దం చివరి దాకా పిడుదంటే దురద, పుండు, రక్తనష్టం. 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ పశువుల టెక్సాస్ జ్వరాన్ని మోసేది పిడుదేనని నిరూపించారు. 1898లో కరాచీలో పాల్ లూయీ సిమోండ్, ప్లేగును ఎలుక నుంచి ఎలుకకు చేర్చేది గెంతే పేనేనని ప్రయోగం చేసి చూపాడు. 1935లో అల్జీరియాలో కుక్కల్లో ఎర్లీషియా రోగాన్ని గుర్తించారు. దాన్ని మోసేది కూడా పిడుదే. నేడు మన పశువైద్యులు ‘టిక్ ఫీవర్’ అంటున్నది ఎక్కువగా ఈ ఎర్లీషియా, బబీసియా జ్వరాలనే.

దీంతో మందుకు పెట్టే పరీక్షే మారిపోయింది. దురద తగ్గించడానికి పది పిడుదుల్లో ఏడు రాలినా చాలు. జ్వరాన్ని ఆపాలంటే మిగిలిన ఆ మూడూ కూడా లెక్కకొస్తాయి. చెట్టుమందులు వెనకబడింది ఇక్కడే.

డబ్బాల కాలం

1939లో పాల్ ముల్లర్ డీడీటీ పురుగులను చంపే గుణాన్ని కనిపెట్టాడు, 1948లో నోబెల్ అందుకున్నాడు. వెనకే బీహెచ్‌సీ వచ్చింది. మన ఊళ్లలో దానికున్న ‘గమాక్సిన్’ అన్న పేరు తెలియని పెద్దవాళ్లు అరుదు. ఒక్క గుప్పెడు పొడితో ఒక మధ్యాహ్నపు పని నిమిషంలో అయిపోయేది. ఆ పొడి ఎక్కడికీ పోదని, నేలలో, నీళ్లలో, పాలలో, కొవ్వులో మిగులుతుందని ఆలస్యంగా తెలిసింది. 1962లో రేచల్ కార్సన్ పుస్తకం ‘సైలెంట్ స్ప్రింగ్’ లోకాన్ని మేల్కొలిపింది. మన దేశంలో బీహెచ్‌సీపై నిషేధం 1997లో వచ్చింది.

ఆ తర్వాతి మందుల పుట్టుక చూస్తే చెట్టుకూ రసాయనానికీ మధ్య మనం గీసిన గీత ఎంత పలచనో తెలుస్తుంది. 1973లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో మైఖేల్ ఎలియట్ బృందం ప్రకటించిన పర్మెత్రిన్, చామంతిలోని పైరెత్రిన్‌ను చూసి చేసినదే. పువ్వు మందు ఎండకు విరిగేది, ఇది అంత త్వరగా విరగదు. కుక్క తట్టుకుంటుంది గానీ అదే ఇంట్లోని పిల్లి ప్రాణం మీదికి వస్తుంది. ఐవర్‌మెక్టిన్ మూలం జపాన్ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి, స్పినోసాడ్ మూలం కరీబియన్ దీవుల మట్టిలో దొరికినది. 1990లలో ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ చుక్కలు, 2013 తర్వాత కొత్త రకం నమిలే మాత్రలు వచ్చాయి. ఈ మాత్రలు రకాన్ని బట్టి నెల నుంచి మూడు నెలల దాకా పనిచేస్తాయి. కొన్ని కుక్కల్లో వణుకు, మూర్ఛ వంటివి రావచ్చని 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఎక్కువ కుక్కలకు అవి సురక్షితమేనని కూడా అప్పుడే చెప్పింది.

మళ్లీ చెట్టు దగ్గరికి

వేప మీద శాస్త్రం కన్ను పడటం కొత్తేమీ కాదు. 1942లో రసాయన శాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనె నుంచి నింబిన్ అనే చేదు పదార్థాన్ని వేరుచేశాడు. 1962లో ఢిల్లీలో మిడతల దండు దిగినప్పుడు, వేపగింజల ద్రావణం చల్లిన పైరును అవి ముట్టలేదని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్. ప్రధాన్ చూపించాడు. 1968లో వేపలో పురుగులను ఎదుర్కొనే అసలు పదార్థం, అజాడిరాక్టిన్, బయటపడింది. 1994లో యూరప్‌లో వేపనూనె వాడకంపై ఇచ్చిన ఒక పేటెంటును 2000లో రద్దు చేశారు, 2005లో ఆ తీర్పు ఖాయమైంది. మన అవ్వల తెలివి ఎవరి సొత్తూ కాదని లోకం ఒప్పుకున్న రోజది.

వేప పనితీరు తెలిస్తే దాన్ని ఎంత నమ్మాలో తెలుస్తుంది. అది పురుగును పట్టి చంపేది కాదు. దగ్గరికి రానివ్వదు, తిండి సయించనివ్వదు, ఎదుగుదలను చెడగొడుతుంది. ఎండకు త్వరగా బలం కోల్పోతుంది. అందుకే పలచన చేసిన వేపనూనెను మళ్లీ మళ్లీ రాయాలి. పిడుదులు ఇప్పటికే కమ్ముకున్న కుక్కకు అదొక్కటే చాలదు.

చెట్టుదని కళ్లు మూసుకుని వాడితే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. ఒక రకం పుదీనాకు యూరప్‌లో పేల పేరే పెట్టారు, పేలను తరుముతుందని అంత నమ్మకం. దాని గాఢతైలం పూసిన కుక్క చనిపోయిన ఉదంతం 1992లో పశువైద్య పత్రికకెక్కింది. ఈస్టు తినిపిస్తే పేలు రావన్న నమ్మకం 1983లో పరీక్షకు నిలవలేదు. గాఢమైన టీ ట్రీ నూనె కుక్కలకు వణుకు తెప్పించవచ్చు. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే చూపుకే ముప్పు. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ పశువుల పిడుదులకు ప్రచారం చేస్తున్న లేపనంలో వేపాకు, వస, పసుపుతో పాటు వెల్లుల్లి ఉంది. అది ఆవుకు చెప్పిన మందు. వెల్లుల్లి కుక్క కడుపులోకి ఎక్కువగా పోతే ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి, ఒంటికి పూసినదాన్ని కుక్క నాకక మానదు.

పోయింది ఆకు కాదు

ఈ ప్రయాణమంతా చూశాక నాకు ఒకటే అనిపిస్తుంది. పాత పద్ధతిలోంచి మనం పోగొట్టుకున్నది ఆకు కాదు, ఆ మధ్యాహ్నం. వేపనూనె నేడు సీసాల్లో దొరుకుతుంది. కుక్క పాదం ఎత్తి వేళ్లు విడదీసి చూసే తీరిక సీసాలో దొరకదు.

పిడుదు లెక్క కూడా ఇదే చెబుతుంది. మన కుక్కలకు పట్టే గోధుమరంగు పిడుదు జీవితంలో ఎక్కువ భాగం గోడ పగుళ్లలో, గుమ్మం సందుల్లో గడుస్తుంది. రక్తం తాగిన ఆడది కిందికి రాలి, ఏదో పగులు వెతుక్కుని వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్క ఒంటికి ఏది పూసినా గోడ పగులుకు అందదు. సిమెంటుతో ఆ పగులు పూడ్చడం, పరుపును వేడినీళ్లతో ఉతికి ఎండేయడం, మూలలు ఊడ్చడం, ఇంతకు మించిన సహజ వైద్యం లేదు. దొరికిన పిడుదును చర్మానికి ఆనించి పట్టుకారుతో తిన్నగా లాగాలి. వేళ్లతో చిదపకూడదు, దాని రక్తంలో రోగం ఉండవచ్చు. కుక్క తిండి మానేసి, ఒళ్లు కాలి, చిగుళ్లు పాలిపోతే ఏ ఆకూ పసరూ వెతక్కుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆయన రాసిన రసాయన మందును సంకోచం లేకుండా వాడాలి. చెట్టుమందు కాపలాకే గానీ జ్వరానికి కాదు.

రోజూ పది నిమిషాలు కుక్క తలను ఒళ్లోకి తీసుకోండి. చెవి తిరగేయండి, పాదం ఎత్తండి. పిడుదు ఆముదపు గింజంత కాకముందే, నువ్వుగింజంత ఉన్నప్పుడే వేళ్లకు దొరుకుతుంది.